రామయ్య తొక్కిన పాట

మెకానిక్ బిజయ్ పియానో ముందు పలకలు ఊడదీసి, లోపలికి టార్చిలైటు వేసి చూసి, ఒక్కొక్క అతుకే వేలితో తడిమి, తల అడ్డంగా ఊపాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి మొహం పక్కకి తిప్పుకుంటే రోగికి ఏం అర్థమవుతుందో, నరసింహకి అదే అర్థమైంది. అయినా కదల్లేదు. అరవై ఏడేళ్ల మనిషి, ఫిజీ దేశంలోని రారవాయి చక్కెర మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, పరీక్ష తప్పిన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ పియానో సంగతి ముందు చెప్పాలి. అది మామూలు పియానో కాదు, దానంతట అది పాడే రకం. కింద రెండు పెడళ్లుంటాయి. వాటిని తొక్కితే లోపల తిత్తులు గాలి పీలుస్తాయి. పైన చిల్లులు కోసిన కాగితపు చుట్ట ఒకటి ఇత్తడి పట్టీ మీదుగా జారుతుంది. ఏ చిల్లు పట్టీ మీదికి వస్తే ఆ స్వరం తాలూకు సుత్తి లేచి తీగని కొడుతుంది. ఎదురుగా హార్మోనియం లాంటి మెట్లు దయ్యం నొక్కినట్టు వాటంతటవే దిగి లేస్తుంటాయి. తొక్కేవాడికి సంగీతం రానక్కర్లేదు, కాళ్లుంటే చాలు.

ఆ కాళ్లు నరసింహ తండ్రి రామయ్యవి. రారవాయిలో కంపెనీ దొరల క్లబ్బులో ఆయన నౌకరు. శనివారం సాయంత్రాలు దొరలకి మందు తలకెక్కాక తొక్కే ఓపిక ఉండేది కాదు. అందుకని రామయ్యని కూర్చోబెట్టేవారు. వాళ్లు జంటలు జంటలుగా గిరగిరా తిరుగుతుంటే ఈయన చెమటలు కక్కుతూ తొక్కేవాడు. "మా రామయ్య ఎంత బాగా వాయిస్తున్నాడో చూడండి" అని పగలబడి నవ్వేవారట. మెట్ల మీద చెయ్యి పెడితే మాత్రం ఉద్యోగం ఊడేది. పందొమ్మిదేళ్లు అలా తొక్కాడు మహానుభావుడు, ఒక్క మెట్టు ముట్టుకోకుండా.

అన్నేళ్లు కళ్లెదుట కాగితం జారుతుంటే ఏ చిల్లుకి ఏ స్వరమో ఆయనకి కంఠతా వచ్చేసింది. బట్టల కొట్టు నుంచి గోధుమరంగు చుట్టుడు కాగితం తెచ్చి, ముక్కకి ముక్క అతికి, మంగలికత్తితో చిల్లులు కోసి, తనూ ఒక పాట తయారుచేశాడు. విశాఖపట్నం జిల్లా నుంచి గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీగా ఓడెక్కి వచ్చిన ఆయన తల్లి చెరకు తోటలో కలుపు తీస్తూ పాడుకునే పాట అది. మాటలు రామయ్యకే సగం గుర్తులేవు, వరస మాత్రం గుర్తుంది. గొంతెత్తితే పక్కింటి కుక్కలు లేచి పారిపోయే గొంతు ఆయనది. అందుకని పాడకుండా కాగితానికి చిల్లులు పెట్టుకున్నాడు.

డెబ్భైలో స్వతంత్రం వచ్చింది. మరో మూడేళ్లకి కంపెనీ మిల్లుని గవర్నమెంటుకి అప్పగించి వెళ్లిపోయింది. క్లబ్బు సామానంతా వేలం వేస్తే పియానోకి పాట పాడిన నాథుడు లేడు. "నువ్వే తీసుకుపో రామయ్యా" అన్నాడు ఆఖరి దొర. చెరకు లారీ మీద ఇంటికి తెస్తే అది గుమ్మంలో పట్టలేదు. చివరికి పక్కనున్న బా అనే పట్నంలో తెలుగువాళ్ల సంఘం హాల్లో దేవుడి పటాల పక్కన పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్లు బా పట్నపు తెలుగు పెళ్లిళ్లలో పెళ్లికూతురు దొరల డాన్సు పాటకి నడిచి మండపంలోకి వచ్చేది. ఎవరికీ తప్పనిపించలేదు. రామనవమికి మాత్రం రామయ్య తన గోధుమరంగు చుట్ట ఎక్కించేవాడు.

ఆ చుట్టలో ఒక చిక్కుంది. కంటి కొలతతో కోసిన చిల్లులు కాబట్టి దూరాలు సరిగ్గా ఉండవు. ఒకచోట స్వరాలు గుంపుగా తోసుకొస్తాయి, ఒకచోట ఎడం పడుతుంది. రామయ్య ఆ లోటంతా చేత్తో, కాలితో సర్దేవాడు. మెట్ల ముందు వేగం తగ్గించి పెంచే చిన్న మీట ఒకటుంది, దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఇక్కడ కాస్త ఆపి, అక్కడ కాస్త వదిలి, ఒకచోట గట్టిగా తొక్కి, ఒకచోట ఊపిరి బిగబట్టినట్టు కాలు తేల్చి, ఆ వంకర కాగితం నుంచి తన తల్లి పాటని బయటికి లాగేవాడు. పాట సగం కాగితంలో ఉంటే సగం ఆయన ఒంట్లో ఉండేది. చనిపోయే ముందు ఏడాది కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి మీద చెయ్యి వేసి, కాలు మీద కాలు వేసి నేర్పాడు. ఆ తర్వాత రామనవమికి తొక్కే పని నరసింహది. తొంభై తొమ్మిదిలో పియానో నోరు మూసుకుంది. మూలనున్న మంచం లాగా ఎప్పుడూ ఉండేదే కదా అనుకుని, అది పాడిన రోజుల్లో ఆ పాటని టేపులో ఎక్కించాలని ఎవరికీ తోచలేదు.

రెండువేల పదహారులో విన్‌స్టన్ తుఫానుకి హాలు పైకప్పు ఎగిరిపోయింది. రెండున్నరేళ్లకి కొత్త రేకులు పడ్డాయి. అక్టోబరులో, స్వతంత్రం వచ్చిన ఫిజీ డే నాడు హాలు మళ్లీ తెరవాలి, పిల్లలకి శనివారం సంగీతం క్లాసులు పెట్టాలి. క్లాసులు చెప్పేది నరసింహ కూతురు కామిని. లౌటోకాలో టీచరు, ఆరు నెలల పసిపాపతో వారం వారం వస్తానని ఒప్పుకుంది. మామూలుగా వాయించుకోవడానికి పియానో కావాలి. లోపలున్న తిత్తులూ గొట్టాలూ ఉంచాలా, పీకి పారెయ్యాలా అన్నది తేల్చడానికి సంఘం ప్రెసిడెంటు, రిటైర్డ్ హెడ్మాస్టరు యోగేంద్ర సువా నుంచి ఈ బిజయ్‌ని పిలిపించాడు. ఆక్లాండులో పని నేర్చుకున్న మనిషి. తెలుగు రాదు, అతనితో అందరూ హిందీలోనే మాట్లాడారు.

"ఈ కామ్ కౌన్ కరిస్?" అన్నాడు బిజయ్ చివరికి. ఈ పని ఎవరు చేశారని.

"మా నరసింహ" అన్నాడు యోగేంద్ర గర్వంగా. "మిల్లులో ఫిట్టర్. ఏ మషీన్ అయినా ఠీక్ చేస్తాడు. ఈ పియానోని బిడ్డలాగా చూసుకున్నాడు."

బిజయ్ టార్చి ఆర్పి నరసింహ వైపు తిరిగాడు. మంచివాడు, గొంతు తగ్గించాడు.

"భయ్యా, దీని లోపల గాలి ఆడడానికి చిన్న చిన్న తోలు బిళ్లలుంటాయి, ఎనభై ఎనిమిది. నలభై ఏళ్లకోసారి మార్చాలి. అందుకే ఫ్యాక్టరీవాళ్లు వేడి నీళ్ల గుడ్డ పెడితే విడిపోయే జిగురు వేస్తారు. విప్పుకోవాలి, మార్చుకోవాలి, మళ్లీ అతికించుకోవాలి. నువ్వు అది మొత్తం గీకేసి వేరే జిగురు పెట్టావు."

"గట్టిది పెట్టాను."

"చాలా గట్టిది. ఇప్పుడు విప్పితే చెక్క ముక్కలవుతుంది గానీ జిగురు ఊడదు. ఆ జిగురే కారి లోపల బిళ్లలకి పట్టేసింది. పాత జిగురు ఉండి ఉంటే, తుఫానులో తడిసినా సరే, నెల రోజుల్లో నేను పాడించేవాణ్ణి. ఎందుకు మార్చావు?"

నరసింహ తలెత్తలేదు.

"అది ఆవు జిగురు" అన్నాడు.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో జరిగిన సంగతి అది. పియానో బెంచీ లోపల ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికితే, ఓపిగ్గా చదువుకుంటూ పోయాడు. ఒక పేజీలో జిగురు సంగతి ఉంది. పశువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి చేస్తారట. పుస్తకం టక్కున మూసేశాడు. పదిహేనేళ్లుగా అది వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది. మంగళవారం మంగళవారం దాని ముందు కూర్చునే రామాయణం చదువుతున్నారు. సంఘంలో చెబితే ఆ సాయంత్రమే దాన్ని రోడ్డు మీదికి నెట్టేస్తారు. చెప్పకపోతే పాపం. భార్య రాజ్ కుమారికి కూడా చెప్పలేదు. చెరకు సీజన్ అయిపోయి మిల్లు ఆగిన నాలుగు నెలలూ హాల్లో ఒక్కడే కూర్చుని, దంతవైద్యుడు పన్ను గీకినట్టు, ప్రతి అతుకూ విప్పి పాత జిగురు తుడిచి, హార్డ్‌వేర్ షాపులో దొరికిన వాటిల్లోకెల్లా మొండి జిగురు తెచ్చి పెట్టాడు. లోపలి తోలు బిళ్లలు మేకవని పుస్తకంలో ఉంది. మేకతో ఏ గొడవా లేదు, వాటిని వదిలేశాడు. పనంతా అయ్యాక తలస్నానం చేసి కొబ్బరికాయ కొట్టాడు. పదకొండేళ్లు పాడి, ఒక్కొక్క స్వరమే బిగుసుకుపోయి, పియానో ఆగిపోయింది. వయసైపోయిందనుకున్నాడు గానీ చంపింది తనేనని ఇవాళే తెలిసింది.

"మంచి పని చేశావు భాయ్" అన్నాడు యోగేంద్ర, కదిలిపోయి. "ధర్మం నిలబెట్టావు."

ఆ మెచ్చుకోలు నరసింహకి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. తిట్టి ఉంటే తిరిగి ఒక మాటైనా అనేవాడు.

బిజయ్ తలగోక్కున్నాడు. "చేప జిగురు కూడా ఉంది భయ్యా. అది కూడా నీళ్లకి విడిపోతుంది, అదే పని చేస్తుంది. మీరు చేప తింటారా?"

"తింటాం" అన్నాడు నరసింహ. ఆదివారం వస్తే కొబ్బరిపాలల్లో చేప లేకుండా ఆయనకి ముద్ద దిగదు.

యోగేంద్ర యంగోనా వేరు పొడి కలిపిన మత్తునీళ్ల గిన్నె దగ్గరికి జరిగి ఒక కొబ్బరిచిప్ప ముంచి బిజయ్‌కి ఇచ్చాడు, ఇంకోటి నరసింహకి ఇచ్చాడు. ఇద్దరూ అక్కడి పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టి తాగారు. నాలుక మొద్దుబారింది. గుండె కూడా మొద్దుబారితే బాగుండునని నరసింహ అనుకున్నాడు.

"కొత్త మషీన్ చేయించవచ్చా?" అని అడిగాడు.

"చేసేవాళ్లు ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఈ పైకప్పు కంటే ఎక్కువ అవుతుంది."

యోగేంద్ర పెద్దమనిషి. బలవంతం చెయ్యలేదు. "నువ్వు చెప్పు నరసింహ. మీ నాయన తెచ్చిన పియానో. నువ్వు ఉంచమంటే ఉంచుతాం. పిల్లలకి ఒక కీబోర్డు కొంటాం. బస్."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే సుఖంగా ఉండేది. పీకేశారు, నాదేముంది అని జీవితాంతం అందరినీ తిట్టుకోవచ్చు. ఇప్పుడు తన నోటితో తనే చెప్పాలి. ఉంచితే ఏమవుతుంది? పాడని పెట్టె ఒకటి దేవుడి పక్కన ధూపం పీలుస్తూ కూర్చుంటుంది. పీకేస్తే నాన్న నేర్పిన చెయ్యీ కాలూ ఇంక దేనికీ పనికిరావు.

"ఒక్కసారి పాడించి చూద్దాం" అన్నాడు. "ఒక్కసారి. ఆ తర్వాత చెబుతా."

బిజయ్ కాదనలేదు. తిత్తులెలాగూ చిరిగిపోయాయి కాబట్టి, గాలి లాగడానికి తన వ్యాన్‌లోంచి వాక్యూమ్ క్లీనర్ తెచ్చి దాని గొట్టం లోపల తగిలించాడు. నరసింహ ఇంటికెళ్లి బియ్యం డబ్బాలో దాచిన గోధుమరంగు చుట్ట తెచ్చాడు. చేతులు కడుక్కుని ఎక్కించాడు. కుడిచెయ్యి మీట మీద పెట్టాడు. పెడళ్లతో పని లేకపోయినా కాళ్లు వాటంతటవే వెళ్లి వాటి మీద కూర్చున్నాయి.

వాక్యూమ్ రొదలో కాగితం కదిలింది. ఎక్కడో ఒక స్వరం పలికింది. తర్వాత ఏమీ లేదు. మళ్లీ రెండు స్వరాలు, వాటి మధ్య ఉండాల్సిన ఆరేడు స్వరాలు లేకుండా పలికాయి. ఎనభై ఎనిమిది స్వరాల్లో తొమ్మిదో పదో బతికున్నాయి. నరసింహ మీట ఆపాల్సిన చోట ఆపాడు, వదలాల్సిన చోట వదిలాడు, కాలు తేల్చాల్సిన చోట తేల్చాడు. లేని పాటకి అన్నీ సరిగ్గా చేశాడు. ముగ్గురూ చివరిదాకా విన్నారు. చివరి స్వరం దగ్గర బిజయ్ కళ్లు దించుకున్నాడు.

"తీసెయ్యండి" అన్నాడు నరసింహ.

మూడు రోజులు పట్టింది. ఇత్తడి పట్టీ, చక్రాలు ఇంకో పియానోకి పనికొస్తాయని బిజయ్ అడిగి తీసుకున్నాడు. చెక్కలూ చిరిగిన తిత్తులూ ఎండిపోయిన రబ్బరు గొట్టాలూ పాత రేకులతో పాటు మున్సిపాలిటీ లారీ ఎక్కాయి. అతుకులు మాత్రం ఒక్కటి కూడా ఊడలేదు. పియానో తేలికైంది, తీగలు శ్రుతిలోకి వచ్చాయి. కామిని వాయించి చూసి సంతోషించింది.

వెళ్తూ వెళ్తూ బిజయ్ ఒక ఉపకారం చేశాడు. నరసింహ మొహం చూసి ఆగలేకపోయాడేమో. "భయ్యా, ఆ చుట్ట నాకిస్తే ఆక్లాండులో ఫ్రెండ్ దగ్గర స్కాన్ చేయిస్తా. కంప్యూటర్ పాడుతుంది. నీ పాట ఎక్కడికీ పోదు." నరసింహ ఇచ్చాడు. ఇస్తూ ఆ మీట సంగతి, కాలి సంగతి చెప్పబోయాడు గానీ, వ్యాన్ అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. చెప్పినా కంప్యూటర్‌కి కాళ్లెక్కడివి?

ఫిజీ డే నాడు హాలు నిండింది. జెండా ఎగిరింది, ఉపన్యాసాలయ్యాయి. కామిని మైకు పట్టుకుని, మా ఆజా, మా తాత రామయ్యగారి పాట ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ వినబోతున్నాం అని చెప్పి బిజయ్ పంపిన పాటున్న ఫోన్‌ని స్పీకరుకి తగిలించింది. అన్ని స్వరాలూ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. రామయ్య ఎడం పెట్టినచోట ఎడంగా, గుంపు పెట్టినచోట గుంపుగా, ఒకే వేగంతో, ఒకే గట్టిదనంతో పలుకుతూ పోయాయి. కాగితం మీద ఏ వంకరలుంటే ఆ వంకరలన్నీ వచ్చాయి, వాటిని సరిచేసిన మనిషి తప్ప. నరసింహకి ఒళ్లు మండింది. లేచి ఆపెయ్యాలనుకున్నాడు.

అప్పటికే జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. యోగేంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. పాపని చంకనేసుకుని కామిని పరుగున వచ్చింది.

"అదే కదా నాయనా? నాకు యాదుంది! చిన్నప్పుడు నువ్వు తొక్కేటప్పుడు నేను నీ పక్కన కూర్చునేదాన్ని. సేమ్ టు సేమ్ అదే!"

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తల్లి పోయాక ఆ పిల్లని అంత సంతోషంగా ఆయన చూడలేదు.

"అదేనమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో పని పూర్తయింది. వారం తిరక్కుండా ఆ పాట ఊళ్లో అందరి ఫోన్లలోకి ఎక్కింది. ఎనభై ఏడులో సైన్యం గవర్నమెంటుని పడగొట్టాక సిడ్నీకీ ఆక్లాండుకీ వెళ్లిపోయిన పాత పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్లూ, మా చిన్నప్పటి రామనవమి కళ్లకి కట్టింది, అచ్చం అలాగే ఉంది అని సందేశాలు పంపారు. ఒకాయన దాన్ని ఫోన్ రింగుగా పెట్టుకున్నాడు. శనివారం క్లాసులో పిల్లలు పియానో మీద అదే నేర్చుకున్నారు, ఎడం ఉన్నచోట ఎడంతో సహా. అలా కాదు అని చెప్పడానికి నరసింహ తప్ప భూమ్మీద ఎవరూ మిగల్లేదు. అతనేమో అదేనని నిండు సభలో ఒప్పుకున్నాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. కామిని వరండాలో చాప మీద పాపని ఒళ్లో వేసుకుని జోకొడుతూ ఆ వరసే తీస్తోంది. మాటలు లేవు కాబట్టి లాలి లాలి అంటూ దానికి తగిలించింది. గుంపు దగ్గర గబగబా అనేసి, ఎడం దగ్గర ఆగి, మళ్లీ అందుకుంటోంది. ఎదురుగా కుర్చీలో నరసింహ మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి తట్టుకోలేకపోయాడు.

"అమ్మా, అది అట్లా కాదు."

కామిని ఆపింది. "ఏంటి నాయనా?"

"పాట. ఆ ఫోన్ పాట తప్పు. ఆజా అట్లా తొక్కేవాడు కాదు. నేను ఆ రోజే చెప్పాల్సింది. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

కామినికి కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. పాపని సర్దుకుని ముందుకి జరిగింది. "అయితే ఎట్లా నాయనా? నాకు చూపించు. క్లాసులో పిల్లలకి కూడా అదే నేర్పుతా. ఫోన్‌ది డిలీట్ చేసేద్దాం."

ఇంత తేలిగ్గా ఉంటుందని ఆయన అనుకోలేదు. కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి గాలిలో మీట మీద పెట్టాడు. పాదాలు రెండూ నేల మీద ఆనించి, తండ్రి కాలు తన కాలి మీద వేసిన బరువు గుర్తుచేసుకుని, తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగు స్వరాల దాకా వెళ్లి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. గుంపు దగ్గర చెయ్యి నెమ్మదించాలి, ఎంత నెమ్మదించాలి? ఎడం దగ్గర కాలు తేలాలి, ఎప్పుడు దిగాలి? తన మీద తనకే కోపం వచ్చి మూడోసారి గట్టిగా మొదలుపెట్టాడు. కాళ్లు ఫోన్ పాడినట్టే, ఒకే వేగంతో, ఒకే బరువుతో నేలని కొట్టుకుంటూ పోయాయి.

కామిని ఓపిగ్గా చూస్తూనే ఉంది. "చెప్పు నాయనా" అంది.

ఆయన కళ్లు తెరిచాడు. పాప తల్లి ఒళ్లో కదిలి ఏడుపు మొహం పెట్టింది, పాట ఆగిపోయినందుకు.

"ఏం లేదులేమ్మా" అన్నాడు నరసింహ. "నువ్వు పాడేదే సరిగ్గా ఉంది. పాడు, అది నిద్రపోనీ."

కామిని ఆపిన చోటు నుంచే మళ్లీ అందుకుంది.